పొరుగింటి పుల్లకూర, పెరటి చెట్టు

మన తెలుగు సంఘాల సభలకి వెళ్ళే అలవాటున్నవాళ్ళకి ఈ ఉపన్యాసం ఈపాటికి కంఠతా వచ్చేసి ఉంటుంది. ఆరింటికి మొదలవ్వాల్సిన కార్యక్రమం ఏడున్నరకి మొదలవుతుంది. పిల్లల డాన్సులయ్యాక, భోజనాలకి ముందు, ఒక పెద్దమనిషి మైకు పుచ్చుకుంటారు. "యూదుల్ని చూసి నేర్చుకోవాలండీ! గుప్పెడుమంది. అయినా ఎన్ని నోబెల్ బహుమతులు! ఎంత డబ్బు! ఎంత ఐకమత్యం! మాట్లాడేవాళ్ళే లేని భాషని మళ్ళీ బతికించుకున్నారు. మరి మనమో?" అంటారు. అందరం చప్పట్లు కొడతాం. ఆ తరవాత గుత్తివంకాయ దగ్గర లైనులో నిలబడి, మన సంఘం రెండుగా చీలడానికి కారకులెవరో చర్చించుకుంటాం.

నేను న్యూజెర్సీలో ఇరవై ఏళ్ళుగా ఈ ఉపన్యాసం వింటున్నాను. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు వెనక్కి తీసుకోవడానికే ఈ వ్యాసం.

నా ఫిర్యాదు ఒక్కటే. యూదులకి ఏవో దక్కాయని మనం అనుకుంటాం, వాటికి వాళ్ళని మెచ్చుకుంటాం. వాళ్ళు రోజూ, వారం వారం ఏం చేస్తారో అది చూసి మాత్రం నవ్వుకుంటాం. పైగా ఆ మెచ్చుకోలు కూడా అంత అమాయకమైనదేం కాదు. "డబ్బంతా వాళ్ళ గుప్పిట్లో ఉంది", "వాళ్ళంతా ఒక్కటే" అన్నవి యూరపులో శతాబ్దాలపాటు వాళ్ళ శత్రువులు అన్న మాటలే. మనం వాటికి దండవేసి వేదిక మీదికి తెచ్చాం, అంతే తేడా. 2018 అక్టోబరు 27న, ఒక శనివారం ఉదయం, పిట్స్‌బర్గ్‌లో ప్రార్థనకి వచ్చిన పదకొండు మందిని ఒకడు కాల్చి చంపాడు. శరణార్థులకి సాయం చేసే ఒక యూదు సంస్థ బయటివాళ్ళని దేశంలోకి తెస్తోందన్నది వాడి కోపం. అంటే పరాయి దేశం నుంచి వచ్చేవాళ్ళ మీద ద్వేషం వాళ్ళ గుడిలో తుపాకీగా పేలింది. పరాయి దేశం నుంచి వచ్చిన మనం ఆ సంగతి ఏ సభలోనూ చెప్పుకోం.

సరే, వాళ్ళు చేసేదేమిటో చెబుతాను.

2012లో నేనొక పెద్ద ప్రాజెక్టులో కన్సల్టెంటుగా ఉండేవాణ్ణి. మా టీములో డేటాబేసులు చూసే ఆయన ఆచారం పాటించే యూదుడు. నాకంటే పదేళ్ళు పెద్ద. డిసెంబరులో ఒక శుక్రవారం రాత్రి ప్రొడక్షన్ రిలీజు పెట్టారు. ఆ నెలలో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు దిగిపోతాడు. అస్తమయానికి పద్ధెనిమిది నిమిషాల ముందే వాళ్ళింట్లో దీపాలు వెలిగించాలి. ఆయన రెండున్నరకి లాప్‌టాప్ మూసేసి, "ఆదివారం పొద్దున్నే వస్తాను. కావలసినవన్నీ కాగితం మీద రాసిపెట్టాను" అని చెప్పి వెళ్ళిపోయాడు. శనివారం రాత్రి మూడు చుక్కలు పొడిచేదాకా ఆయన ఫోను ఎత్తడు. మా మేనేజరు మొహం మాడ్చుకున్నాడు గానీ ఏమీ అనలేదు. మిగిలిన మేం ఆరుగురం, అందులో నలుగురం తెలుగువాళ్ళం, తెల్లవారేదాకా కాన్ఫరెన్సు కాలులో కూర్చున్నాం. కూర్చుని ఆయన మీద జోకులు వేసుకున్నాం.

ఆ జోకులు మీరూ వినే ఉంటారు. షబ్బాత్ నాడు లైటు స్విచ్చి వెయ్యకూడదట, కానీ ముందురోజే టైమరు పెట్టుకోవచ్చట. లిఫ్టు బటన్ నొక్కకూడదట, అందుకని ప్రతి అంతస్తులోనూ దానంతటదే ఆగే లిఫ్టులు పెట్టుకుంటారట. ఇంట్లోంచి వీధిలోకి ఏదీ మోసుకెళ్ళకూడదట, అందుకని ఊరి చుట్టూ స్తంభాల మీద తీగ లాగి, దాని లోపలంతా ఒక ఇల్లే అనుకుంటారట. ఆ తీగ సరిహద్దుని ఎరువ్ అంటారు. మా ఎడిసన్ పక్కనున్న హైలాండ్ పార్కులోనూ ఉంది. ఇండియా సరుకులకి వెళ్తూ దాని కిందనుంచి ఎన్నిసార్లు కారు నడిపానో, అది ఎరువ్ అని ఏళ్ళ తరవాత గానీ తెలియలేదు. "దేవుణ్ణే మోసం చేస్తున్నారు" అని మావాడొకడు తీర్పు చెప్పేశాడు. అందరం నవ్వాం.

ఇప్పుడు ఆలోచిస్తే, ప్రోగ్రాములు రాసుకు బతికేవాళ్ళం ఆ మాట అనడం కంటే అవమానం లేదు. ఎడ్జ్ కేసులు ఎవరికి కనిపిస్తాయి? కోడు రాసి, దాన్ని నిజంగా నడిపేవాడికి. స్లైడు మీద డబ్బాలు, బాణాలు గీసేవాడికి ఏ బగ్గూ కనిపించదు. షబ్బాత్ నాడు చెయ్యకూడని పనుల్ని వాళ్ళ మిష్నా గ్రంథం ముప్ఫైతొమ్మిది రకాలుగా లెక్కపెట్టింది. విత్తడం, దున్నడం, రుబ్బడం, నెయ్యడం, రాయడం, నిప్పు రాజెయ్యడం, ఇలా. ఆ నియమాన్ని రెండు వేల ఏళ్ళుగా వారం వారం ప్రొడక్షన్‌లో నడుపుతున్నవాళ్ళకి కరెంటు వచ్చినప్పుడు ఒక ప్రశ్న వస్తుంది, లిఫ్టు వచ్చినప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. ప్రశ్న వచ్చిందంటేనే నియమం బతికి ఉందన్నమాట. పాటించనివాడికి టైమరు అవసరం ఎందుకొస్తుంది? మాకు ఏ సందేహమూ రాలేదు, ఎందుకంటే మేం ఏదీ పాటించడం లేదు.

ఎరువ్ సంగతే చూడండి. అది లేకపోతే చంటిపిల్లల తల్లి శనివారమంతా ఇంట్లోనే ఉండాలి, బిడ్డని బండిలో తోసుకెళ్ళడం కూడా మొయ్యడం కిందే లెక్క కనక. ఎరువ్ వచ్చాక ఆమె గుడికి రాగలుగుతుంది. ప్రతి వారం ఆ తీగ తెగిందేమోనని ఊరంతా తిరిగి చూసేవాళ్ళుంటారు. మా రాష్ట్రంలోనే టెనఫ్లై అనే ఊళ్ళో 2000లో ఆ తీగ తీసెయ్యమని ఊరి కౌన్సిల్ తీర్మానించింది. తీగ కోసం వాళ్ళు ఫెడరల్ కోర్టు దాకా వెళ్ళారు. 2002లో అప్పీలు కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. దారినపోయేవాడి కంటికి కూడా ఆనని తీగ కోసం! మనకి మాత్రం ఎరువంటే తెచ్చుకుని తిరిగి ఇవ్వని సొమ్ము. వాళ్ళ మెచ్చుకోలు మాటలు ఎరువు తెచ్చుకుంటాం గానీ, వాళ్ళ కష్టాన్ని తెచ్చుకోం.

ఇక నా సొంత గొడవ. దీన్ని చెప్పడం ఇష్టం లేకపోయినా, చెప్పకపోతే ఈ వ్యాసం రాసే హక్కు నాకు లేదు.

మా నాన్న 2013లో పోయారు. ఏడాది తిరిగి తిథి ఒక మంగళవారం వచ్చింది. ఆ మంగళవారం మాకు రిలీజుంది. నేను ఎవరినీ సెలవు అడగలేదు. సంవత్సరీకాన్ని శనివారానికి మార్చి, గుడిలో పంతులుగారికి ఫోను చేసి, పదింటికి స్లాటు తీసుకున్నాను. గ్రీన్‌కార్డు దరఖాస్తు మధ్యలో ఉంది, ఇప్పుడు వేలెత్తి చూపించుకోవడం ఎందుకన్నది నా లెక్క. మా అమ్మ తెనాలి నుంచి ఫోనులో, "తిథి నాడే కదరా చెయ్యాలి" అంది. "ఇక్కడ కుదరదమ్మా" అన్నాను.

తరవాతి వారం భోజనాల దగ్గర మాటల్లో ఈ సంగతి ఆయనతో అన్నాను. ఆయన తింటున్నవాడల్లా ఆగి, "నాకెందుకు చెప్పలేదు? ఆ రోజు నీ పని నేను చేసేవాణ్ణి కదా" అన్నాడు. ఆ తరవాత వాళ్ళ సంగతి చెప్పాడు. వాళ్ళకీ చనిపోయినవాళ్ళ రోజు ఇంగ్లీషు తేదీ కాదు. చంద్రుణ్ణి బట్టి వచ్చే హీబ్రూ తేదీ. మన అధికమాసంలాగే వాళ్ళకీ పందొమ్మిదేళ్ళలో ఏడుసార్లు ఒక నెల అదనంగా వస్తుంది. ఆ రోజున ఇరవైనాలుగు గంటలు వెలిగే దీపం పెడతారు. దాన్ని యార్ట్సైట్ అంటారు. ఆయన తండ్రి పోయినప్పుడు ఏడు రోజులు ఇల్లు కదలకుండా నేలకి దగ్గరగా కూర్చున్నాడు. పదకొండు నెలలు రోజూ కద్దీష్ ప్రార్థన చదివాడు. అది ఒంటరిగా చదివేది కాదు, పదిమంది ఉండాలి. మా ఆఫీసు చుట్టుపక్కల మధ్యాహ్నం పూట ఆ పదిమందీ ఏ ఏ భవనంలో కలుస్తారో ఆయనకి తెలుసు. ఏడాదిపాటు నా పక్క సీటులో కూర్చున్న మనిషి రోజూ ఆ గంటలో ఎక్కడికి వెళ్ళేవాడో నేనెప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే నా తిథి నాకు దక్కేదేమో!

ఇందులో నాకు సెలవు ఇవ్వనన్న వాడెవడూ లేడు. అడగనివాడు నేనే. మతాచారం కోసం ఉద్యోగి వెసులుబాటు అడిగితే యజమాని వీలైనంతవరకు ఇవ్వాలని ఈ దేశపు చట్టంలో 1972 నుంచీ ఉంది. 2023లో సుప్రీంకోర్టు ఆ రక్షణని ఇంకా గట్టి చేసింది. ఆ కేసు వేసినవాడు యూదుడు కాదు, ఆదివారం పనిచెయ్యనన్న ఒక క్రైస్తవ తపాలా ఉద్యోగి. అంటే దారి అందరికీ ఉంది. మనం ఆ దారిన నడవం. "మన పండగలకి సెలవుల్లేవండీ ఈ దేశంలో" అని మాత్రం ప్రతి ఉగాదికీ వాపోతాం.

ఇక్కడే అసలు తేడా ఉందని నాకనిపిస్తుంది. క్రీస్తు శకం 70లో రోమన్లు జెరూసలేములో వాళ్ళ ఆలయాన్ని కూల్చేశారు. ఆ తరవాత వాళ్ళ పండితులు ఆలయంలో జరిగేదాన్ని చాలావరకు ఇంటి భోజనం బల్ల మీదికీ, చదువులోకీ, వారానికొక రోజులోకీ తెచ్చారు. అబ్రహాం జాషువా హెషెల్ అనే రబ్బీ 1951లో షబ్బాత్ మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. ఈ మతం తన కట్టడాల్ని స్థలంలో కంటే కాలంలో కట్టుకుందన్నది అందులో ముఖ్యమైన ఆలోచన. మనకి స్థలంలో కట్టడం బాగా వచ్చు. పిట్స్‌బర్గ్ కొండ మీద 1970లలోనే వెంకటేశ్వరుడికి గుడి కట్టుకున్నాం, శిల్పుల్ని ఇండియా నుంచి రప్పించుకున్నాం. అది చిన్న విషయం కాదు. కానీ కాలంలో ఒక్క గది కూడా కట్టుకోలేకపోయాం. మన సంక్రాంతి ఫిబ్రవరిలో, హైస్కూలు ఆడిటోరియం ఏ శనివారం ఖాళీగా ఉంటే ఆ శనివారం వస్తుంది. మన దీపావళి హాలోవీన్‌కి అడ్డం రాకుండా వస్తుంది. కేలెండరు మన చేతిలో లేదు, ఆడిటోరియం అద్దె చేతిలో ఉంది.

పిల్లల సంగతి మరీ అన్యాయం. ఆ శనివారం తద్దినం అయ్యాక ఇంటికొచ్చి, విస్తరాకులో పిండం తీసుకెళ్ళి డెక్ మీద పెట్టాను. కాకి రాలేదు, ఉడత వచ్చింది. అప్పుడు ఏడేళ్ళున్న మా అమ్మాయి కిటికీలోంచి చూస్తూ, "నాన్నా, ఉడత తింటే తాతయ్యకి వెళ్తుందా?" అంది. నేను, "పిచ్చి ప్రశ్నలు వెయ్యకు" అన్నాను. ఆ మాటకి అది నోరు మూసుకుంది. ఇంకెప్పుడూ అడగలేదు.

మరుసటి వసంతంలో ఆయన మమ్మల్ని వాళ్ళ పస్కా పండగ రాత్రి భోజనానికి పిలిచాడు. ఆ విందుని సేదర్ అంటారు. ఈజిప్టులో బానిసత్వం నుంచి బయటపడిన కథ ఆ రాత్రి చెప్పుకోవాలి. అయితే పెద్దవాళ్ళు కథ మొదలుపెట్టడానికి వీల్లేదు. ముందు ఇంట్లో అందరికంటే చిన్నపిల్ల లేచి ప్రశ్న అడగాలి. ఈ రాత్రి ఎందుకు వేరుగా ఉంది, పొంగని రొట్టె ఎందుకు, చేదు ఆకులు ఎందుకు అని. పిల్లలు లేకపోతే భార్య అడగాలి. ఎవరూ లేకపోతే ఒంటరివాడు తనని తానే అడుక్కోవాలి. ఇద్దరూ పండితులే అయినా ఒకరినొకరు అడగాల్సిందే. ప్రశ్న లేకుండా పండగ మొదలు కాదు! మా అమ్మాయి ఆ బల్ల దగ్గర నావైపు చూసింది. ఏమీ అనలేదు. అననక్కరలేదు కూడా.

ఇప్పుడు నా మిత్రుల అభ్యంతరాలకి వస్తాను. "యూదులందరూ అలా ఉండరోయ్" అంటారు. నిజమే. ప్యూ సంస్థ 2020లో చేసిన సర్వే ప్రకారం అమెరికా యూదుల్లో ఆర్థొడాక్స్ వాళ్ళు నూటికి తొమ్మిదిమంది. శనివారం కారు నడిపేవాళ్ళు, పంది మాంసం తినేవాళ్ళు, దేవుణ్ణి నమ్మనివాళ్ళు బోలెడుమంది. కానీ అదే సర్వేలో నూటికి అరవై మందికి పైగా అంతకుముందు ఏడాది సేదర్‌లో కూర్చున్నామన్నారు. దేవుణ్ణి నమ్మనివాడి ఇంట్లోనూ పిల్ల లేచి ప్రశ్న అడుగుతోందన్నమాట.

"ఆడవాళ్ళ సంగతేమిటి?" అంటుంది మా ఆవిడ. న్యాయమైన ప్రశ్న. ఆర్థొడాక్స్ గుళ్ళలో ఆ పదిమంది లెక్కలో ఆడవాళ్ళు రారు. భర్త విడాకుల పత్రం ఇవ్వకపోతే మళ్ళీ పెళ్ళి చేసుకోలేక ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయే ఆడవాళ్ళున్నారు. ఇది దాచాల్సిన విషయం కాదు, వాళ్ళూ దాచడం లేదు. కన్సర్వేటివ్ శాఖ 1973లో ఆడవాళ్ళని ఆ పదిమందిలో లెక్కపెట్టడానికి ఒప్పుకుంది. మిగతా పోట్లాట ఇంకా జరుగుతోంది. పోట్లాడుకోవడం వాళ్ళకి చదువులో భాగం. తాల్ముద్‌లో ఓడిపోయిన పక్షం వాదన కూడా చెరిపెయ్యకుండా రాసిపెట్టారు. ఆ తాల్ముద్‌ని రోజుకొక పత్రం చొప్పున చదివే పద్ధతి ఒకటి 1923లో మొదలైంది. మొత్తం 2711 పత్రాలు, పూర్తవడానికి ఏడున్నర ఏళ్ళు. 2020 జనవరి 1న ఒక చుట్టు పూర్తయిన సందర్భంగా మా న్యూజెర్సీ ఫుట్‌బాల్ స్టేడియంలో దాదాపు తొంభై వేలమంది, గడ్డకట్టే చలిలో, చదువు పూర్తయినందుకు చిందులేశారు. మనం స్టేడియం నింపేది దేనికో మీకు తెలుసు.

"మరి గాజా?" అంటారు ఇంకొందరు. 2023 అక్టోబరు తరవాత మన వాట్సాప్ గ్రూపుల్లో సగంమంది ఇజ్రాయెల్ సైన్యానికి వీరాభిమానులయ్యారు, మిగతా సగం యూదు అన్న ప్రతివాడూ ముద్దాయేనన్నారు. ఒక ప్రభుత్వం చేసే యుద్ధాన్ని పొగడడానికో తెగడడానికో నా పక్క సీటాయన వాళ్ళావిడ శుక్రవారం దీపం వెలిగించడం లేదు. ఆ యుద్ధం మీద యూదుల్లోనే ఒకరికొకరు పడదు. ఈ రెండూ కలిపేవాళ్ళు రెండు వైపులా తప్పే చేస్తున్నారు.

ఇక చివరి సంగతి. మన అభిమానం బూటకమని నాకు రూఢి చేసింది ఇదే.

తెలుగు మాట్లాడే యూదులున్నారని మీలో ఎంతమందికి తెలుసు? గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉన్నారు. మా ఊరి నుంచి మోటారు సైకిలు మీద వెళ్ళేంత దూరం. కొన్ని పదుల కుటుంబాలు. చాలావరకు మాదిగలు, అంతకుముందు క్రైస్తవులు. 1980ల చివర ఇద్దరు అన్నదమ్ముల నాయకత్వంలో, తాము ఇజ్రాయేలు తప్పిపోయిన గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతివాళ్ళమని ప్రకటించుకున్నారు. బెనె ఎఫ్రాయిము అని పేరు. చిన్న సినగాగ్ కట్టుకున్నారు. హీబ్రూ నేర్చుకుంటారు, శనివారం పాటిస్తారు. వాళ్ళ మీద 2013లో ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు.

నేను ఈ విషయం మన సభ భోజనాల దగ్గర, ఆ ఉపన్యాసం అయిన ఐదు నిమిషాలకి, నలుగురితో చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. "రేపు ఇజ్రాయెల్ వీసా కోసం వేసిన ఎత్తు" అన్నారొకరు. హెచ్-1బి లాటరీ కోసం మూడేళ్ళు మొక్కుకున్న మనిషి ఆయన! "వాళ్ళు ఎఫ్రాయిము సంతతి అనడానికి రుజువేమిటి?" అన్నారు ఇంకొకరు. అది చరిత్రకారులు తేల్చాలి, నేను తేల్చలేను. కానీ ప్రతి పూజలో మనం ఫలానా ఋషి సంతతివాళ్ళమని గోత్రం చెప్పుకుంటాం కదా, ఆ రుజువు ఎవరు అడిగారు? న్యూజెర్సీ యూదుడు శనివారం ఫోను ఎత్తకపోతే నిష్ఠ. కొత్తరెడ్డిపాలెం యూదుడు శనివారం పొలానికి రానంటే ఎత్తు. నాకు జీతంతో సెలవుంది, అయినా తండ్రి తిథికి వాడుకోలేదు. కూలికి వెళ్ళే మనిషి శనివారం ఆగితే ఆ రోజు కూలి పోతుంది. ఎవరిది ఆచారమో మీరే చెప్పండి.

మాది ఆ చుట్టుపక్కల పొలాలున్న కులం. ఆ పల్లెవాళ్ళు మా చేలో పనిచేశారు. నేనూ చిన్నప్పుడు ఆ దారిన సైకిలు మీద వెళ్ళాను. ఎప్పుడూ ఆగలేదు. అందుకే ఈ నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు బాగా తెలుసు. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్న సామెత చాలదు ఇక్కడ. ఆ చెట్టు ఏ వాడలో మొలిచిందన్నదే మనకి లెక్క.

నేను యూదుణ్ణి కాబోవడం లేదు. వాళ్ళూ రమ్మనడం లేదు. 2015 నుంచి మా నాన్న తిథి ఏ వారం వస్తే ఆ వారమే సెలవు పెడుతున్నాను. ఏ రోజో జనవరిలోనే మేనేజరుకి రాసి పంపుతాను. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయింది. కిందటేడు ఆ రోజున ఫోను చేసి, "ఉడత వచ్చిందా నాన్నా?" అంది. వచ్చిందన్నాను. "మరి తాతయ్యకి వెళ్తుందా?" అంది. నాకు తెలియదన్నాను. తెలియదని చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆ తరవాత అరగంట మాట్లాడుకున్నాం.

వచ్చే ఉగాది సభలో మళ్ళీ ఎవరో ఒకరు మైకు పుచ్చుకుని, యూదుల్ని చూసి నేర్చుకోవాలంటారు. దయచేసి అప్పుడు చప్పట్లు కొట్టకండి. లేచి రెండు ప్రశ్నలు అడగండి. అయ్యా, మీరు శనివారం ఏం చేస్తారు? కొత్తరెడ్డిపాలెం ఎప్పుడైనా వెళ్ళారా?